కౌంటర్లో ఆమె అబద్ధాలు రాసింది, జవాబులో నేనూ రాయాలా?

మీరు అడిగినవి మూడు. ఏడేళ్ల పాప ఎనిమిది నెలలుగా తల్లి దగ్గర ఉంది. మీరు కస్టడీ కోసం ఓపీ (ఒరిజినల్ పిటిషన్) వేశారు. మీరు రోజూ తాగొస్తారని, పాపను కొడతారని, ఏనాడూ పైసా ఇవ్వలేదని, మిమ్మల్ని చూస్తేనే పాప వణికిపోతుందని మీ భార్య కౌంటర్లో, అంటే మీ పిటిషన్‌కు వేసిన జవాబులో, రాసింది. దానికి మీ లాయరు గారు తయారుచేసిన రిజాయిండర్లో (కౌంటర్‌కు తిరుగు జవాబులో) ఆమెకు ఆఫీసులో ఎవరితోనో సంబంధం ఉందని, మతిస్థిమితం లేదని ఉంది. "కౌంటర్‌కి దీటుగా ఉండాలి, సంతకం పెట్టండి" అంటున్నారు. పెట్టవచ్చా అన్నది మీ మొదటి ప్రశ్న. ఆమె అబద్ధాలకు శిక్ష వేయించగలమా అన్నది రెండోది. ఫోన్లో పాప "నువ్వు మంచోడివి కాదట కదా నాన్నా" అంది, ఆ మాటలు రికార్డు చేయాలా అన్నది మూడోది.

ఇరవై రెండేళ్లుగా ఫ్యామిలీ కోర్టు కేసులే చూస్తున్నాను, కొన్నిట్లో తల్లి తరఫున, కొన్నిట్లో తండ్రి తరఫున. నా సమాధానం ముందే చెప్పేస్తాను: ఆ రిజాయిండర్ మీద సంతకం పెట్టకండి. మీరే ఒకచోట రాశారు, "సంబంధం ఉందో లేదో నాకు తెలియదు, ఉండి ఉండవచ్చు" అని. అఫిడవిట్ చివర "పైన చెప్పినవన్నీ నాకు తెలిసినంతవరకు నిజం" అనే వాక్యం ఉంటుంది. దాని కింద పడేది లాయరు సంతకం కాదు, మీది. రేపు బోనులో నిలబడి జవాబు చెప్పాల్సిందీ మీరే. తెలియని విషయం తెలుసని ప్రమాణం చేస్తే, ఆమె ఏ తప్పు చేసిందని మీరు బాధపడుతున్నారో అదే తప్పు మీరూ చేసినట్టు.

ఇది నీతి కోసం మాత్రమే చెప్పడం లేదు. కస్టడీ కేసు ఎలా నడుస్తుందో తెలిస్తే మీకే అర్థమవుతుంది.

భార్యాభర్తల్లో ఎవరు మంచివాళ్లు, ఎవరు చెడ్డవాళ్లు అన్నది కస్టడీ కేసులో అసలు ప్రశ్న కాదు. 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం సెక్షన్ 17 అయినా, 1956 నాటి హిందూ మైనారిటీ అండ్ గార్డియన్‌షిప్ చట్టం సెక్షన్ 13 అయినా చూడమనేది బిడ్డ సంక్షేమాన్నే. పిల్లలు ఆస్తులు కారు, తల్లిదండ్రుల చేతిలో ఆటబొమ్మలూ కారు అని సుప్రీంకోర్టు 1973లోనే చెప్పింది. కాబట్టి జడ్జి గారు ఫైలు తెరిచినప్పుడు వెతికేది వేరే: ఈ పిల్ల ఎక్కడ స్థిమితంగా ఉంటుంది? బడి, నిద్ర, ఒంట్లో బాగోలేనప్పుడు చూసుకోవడం ఎవరి చేతుల మీదుగా జరుగుతోంది? తన దగ్గర ఉంచుకుంటే రెండోవాళ్లతో బంధం తెగకుండా చూసే మనసు ఎవరికి ఉంది? "ఆమెకు సంబంధం ఉంది" అన్న పేరాలో ఈ ప్రశ్నల్లో ఒక్కదానికీ జవాబు లేదు.

పైగా అలాంటి పేరాలు జడ్జీలు రోజూ చదువుతారు. తాగుడు, కొట్టడం, సంబంధం, పిచ్చి, కట్నం, అత్తమామల వేధింపు ఒకే వరసలో, ఒకే మాటల్లో వస్తుంటాయి. తేదీ ఉండదు, చోటు ఉండదు, చూసినవాళ్లు ఉండరు. అలాంటి ఫైళ్ల మధ్య ఒక్క ఫైల్లో ఎవరైనా కొలిచి మాట్లాడితే అది వెంటనే కనబడుతుంది. ఆ తేడా నేను కోర్టు హాల్లో ఎన్నోసార్లు చూశాను.

ఇప్పుడు ఆమె కౌంటర్ ముందు పెట్టుకుని ఒక పెన్సిల్ తీసుకోండి. ప్రతి వాక్యం పక్కనా నిజాయితీగా గుర్తు పెట్టండి. పచ్చి అబద్ధాలు కొన్ని ఉంటాయి. కొంత నిజం ఉండి దాన్ని పెంచి రాసినవి కొన్ని ఉంటాయి. ఆమె భయమో, అనుమానమో, బాధో జరిగిన విషయంలా రాసినవి ఇంకొన్ని ఉంటాయి. ఈ మూడింటినీ ఒకే గాటన కట్టి "అన్నీ అబద్ధం" అనడమే మీలాంటి వాళ్లు చేసే పెద్ద పొరపాటు. శని, ఆదివారాల్లో తాగుతానని మీరే రాశారు. హోంవర్కు దగ్గర ఒకసారి పాప చెంప మీద కొట్టానని, ఆ రాత్రంతా బాధపడ్డానని కూడా రాశారు. అంటే "రోజూ తాగుతాడు" అన్నది పెంచి రాసిన మాట. "పాపను కొడతాడు" అన్నదానికి వెనక ఒక ఘటన ఉంది. మీరు "నేను చుక్క ముట్టను, పాప మీద ఏనాడూ చెయ్యి ఎత్తలేదు" అని రాశారనుకోండి, ఒక్క ఫొటో, ఒక్క మెసేజ్, పాప అమాయకంగా చెప్పే ఒక్క మాట చాలు. అక్కడితో మీరు చెప్పే మిగతా నిజాలకూ విలువ పోతుంది.

వివరాలు మార్చి ఒక కేసు చెబుతాను. తండ్రి తరఫున నేనే ఉన్నాను. కొట్టాడన్న ఆరోపణ వచ్చింది. ఒకసారి కొట్టిన మాట నిజమేనని, ఆ మర్నాడే పిల్లవాడికి సారీ చెప్పానని, ఆ తర్వాత ఒక కౌన్సెలర్ దగ్గరికి నాలుగుసార్లు వెళ్లానని జవాబులో రాయించాడు. నాకే టెన్షన్ వచ్చింది, ఒప్పుకుంటే కేసు పోతుందేమోనని. క్రాస్‌లో, అంటే ఎదురు ప్రశ్నల విచారణలో, అవతలి లాయరు గారు గంటసేపు ప్రశ్నించాలని సిద్ధపడి వచ్చారు. మొదటి ప్రశ్నకే మా క్లయింటు "అవునండి, కొట్టాను, తప్పు చేశాను" అనేసరికి అడగడానికి ఇంకేమీ మిగల్లేదు. ఆ ఒప్పుకోలు వల్ల కస్టడీ వచ్చిందని నేను చెప్పను, కస్టడీ తల్లి దగ్గరే ఉండిపోయింది. కానీ వారాంతాలు, సెలవుల్లో సగం తండ్రికి వచ్చాయి. అంతకు ముందు వాళ్లు గంట సేపు చూపించడానికి కూడా ఒప్పుకోలేదు.

ఇక మీ లాయరు గారు రాసిన రెండు ఆరోపణల సంగతి.

సంబంధం ఉందన్న మాట. నిరూపించలేక పోతే ఇది తిరిగి మీ మెడకే చుట్టుకుంటుంది. భార్య శీలం మీద ఆధారం లేని నిందలు జవాబు పిటిషన్లో రాయడమే మానసిక క్రూరత్వం అని సుప్రీంకోర్టు 2003లో తీర్పు ఇచ్చింది. ఆ కేసులో భర్త తర్వాత సవరణ వేసి ఆ మాటలు తీసేయించుకున్నాడు. తీసేసినంత మాత్రాన తగిలిన గాయం పోదని కోర్టు అంది. అంటే ఇవాళ మీరు పెట్టే సంతకం రేపు ఆమె విడాకుల కేసులో ఆమెకు ఆధారం అవుతుంది. ఇది ఒకవైపు రూలు కాదు. భార్య వేసిన ఆధారం లేని పరువు నష్టపు ఆరోపణలు, ఫిర్యాదులు భర్త పట్ల క్రూరత్వమేనని 2013లో అదే కోర్టు మన తెలుగువాళ్ల కేసులోనే చెప్పింది. ఒకవేళ సంబంధం నిజమే అనుకుందాం. అయినా దానివల్ల పాపకు ఏ హాని జరుగుతోందో చూపించాలి. మంచి భార్య కాకపోవడం వేరు, మంచి తల్లి కాకపోవడం వేరు అని హైకోర్టులు స్పష్టంగా చెబుతున్నాయి. ఇంకో మాట, కోపంలో కొందరు "అసలు పిల్ల నాకు పుట్టిందో లేదో, డీఎన్ఏ టెస్ట్ చేయించండి" అంటారు. ఆ దారిలోకి అస్సలు పోకండి. భార్యాభర్తల గొడవలో పిల్లలకు డీఎన్ఏ పరీక్ష మామూలుగా ఆదేశించకూడదని 2023లో సుప్రీంకోర్టు చెప్పింది. కోర్టు ఒప్పుకోకపోవడం అటుంచండి, మీ పాప పెద్దయ్యాక ఆ కాగితం చదువుతుంది.

మతిస్థిమితం లేదన్న మాట. కాన్పు తర్వాత ఆమె కొన్ని నెలలు డిప్రెషన్‌కు మందులు వాడిందని రాశారు. ఆ చీటీ ఇంకా మీ దగ్గరుంది కాబట్టి అదే ఆధారమని లాయరు గారు అంటున్నారు. 2017 నాటి మెంటల్ హెల్త్‌కేర్ చట్టం సెక్షన్ 3 ప్రకారం ఒకరికి మానసిక అనారోగ్యం ఉందని తేలినంత మాత్రాన వాళ్లు మతి చలించినవాళ్లు అయిపోరు. అలా ప్రకటించాల్సింది తగిన కోర్టే. కోర్టులో ఇలాంటి కాగితం పెట్టి, అవతలివాళ్లు దాన్ని ప్రశ్నిస్తే ఆ విషయం పరిశీలనకు మెంటల్ హెల్త్ రివ్యూ బోర్డుకు పంపాలని సెక్షన్ 105 అంటుంది. ఏడేళ్ల కిందటి మందుల చీటీ ఈ పరీక్షలో నిలబడదు.

ఈ విషయంలో నా తప్పు ఒకటి చెప్పుకోవాలి. జూనియర్‌గా ఉన్నప్పుడు సరిగ్గా ఇలాంటి పేరా నేను రాశాను. భర్త మా క్లయింటు. ఆఫీసులో పాత పిటిషన్ల నకళ్లు ఉండేవి, వాటిలోంచి "మతిస్థిమితం లేని" అన్న మాట తీసి ఆమె పేరు పక్కన పెట్టాను. క్రాస్‌లో ఆమె లాయరు మా క్లయింటుని ఒకటే అడిగాడు, "ఆమెను డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది ఎవరు?" అని. "నేనే" అన్నాడు. "మందులు సమయానికి ఇచ్చింది?" "నేనే." అతను నిజానికి మంచి భర్తగా ప్రవర్తించిన రోజులవి. ఆ రోజుల్నే నేను ఆయుధంగా మార్చి అతని చేతికిచ్చాను. బోనులోంచి దిగుతూ అతను ఆమె వైపు చూడలేకపోయాడు. ఆ తర్వాత వాళ్ల మధ్య రాజీకి ఉన్న కొద్దిపాటి దారీ మూసుకుపోయింది. ఆ రోజు నుంచి, క్లయింటు స్వయంగా చూడని విషయం పిటిషన్లోకి రానివ్వకూడదని పెట్టుకున్నాను.

అలాగని ఆమె రాసినవాటికి జవాబు ఇవ్వకుండా ఊరుకోమని కాదు. గట్టిగా ఇవ్వాలి, మామూలు కాగితాలతో ఇవ్వాలి. ఫ్యామిలీ కోర్టుల చట్టం, 1984లో సెక్షన్ 14 చాలా ఉపయోగపడేది. వివాదం తేల్చడానికి పనికొస్తుందనుకుంటే ఏ రిపోర్టయినా, పత్రమయినా, సమాచారమయినా కోర్టు తీసుకోవచ్చు, సాక్ష్య చట్టం కొలతలకు సరిపోకపోయినా సరే. "ఏనాడూ పట్టించుకోలేదు" అన్నదానికి జవాబు ఆవేశం నిండిన పేరా కాదు. పేరెంట్స్ మీటింగ్ రిజిస్టర్లో మీ సంతకాలు, టీచరుతో మీరు చేసిన మెసేజ్‌లు, టీకాల కార్డు మీద తేదీలు, జ్వరం వచ్చినప్పుడు మీరు తీసుకెళ్లిన ఆసుపత్రి ఓపీ చీటీ, వీటిని తేదీల వరుసలో పెట్టండి. "పైసా ఇవ్వలేదు" అన్నదానికి బ్యాంకు స్టేట్‌మెంట్. ఈ ఎనిమిది నెలల్లో డబ్బు పంపడం మానేసి ఉంటే ఇవాళే మొదలుపెట్టండి, బ్యాంకు ద్వారానే పంపండి. కస్టడీ గొడవలో ఉన్నామని పాప ఫీజు ఆపేసినవాళ్లను కోర్టు ఎలా చూస్తుందో నేను వేరే చెప్పక్కర్లేదు. మెయింటెనెన్స్ (భరణం) కేసు కూడా ఉంటే ఆస్తులు, అప్పుల అఫిడవిట్ వేయాల్సి వస్తుంది, 2020 నవంబరులో సుప్రీంకోర్టు దాన్ని దేశమంతటా తప్పనిసరి చేసింది. అందులో జీతం తక్కువ చేసి చూపించకండి. కస్టడీలో నిజం చెప్పి, డబ్బు దగ్గర అబద్ధం చెప్పినా మీ మాట మీద నమ్మకం పోతుంది, ఎందుకంటే చాలాసార్లు రెండు ఫైళ్లూ ఒకే జడ్జి గారి బల్ల మీద ఉంటాయి.

సాక్షులుగా అమ్మానాన్నల్ని, అన్నదమ్ముల్ని తెస్తే వాళ్ల మాటకు ఎంత బరువుంటుందో అందరికీ తెలుసు. పాపకు పాఠం చెప్పిన టీచరు, కింది ఇంటివాళ్లు, స్కూల్ వ్యాన్ డ్రైవరు లాంటి, ఏ పక్షమూ కాని మనిషి ఒక్కరు చాలు. మీ గురించి పొగడమని అడగకండి, చూసింది చెప్పమనండి.

ఫోన్ల సంగతి. మెసేజ్‌లు తుడిచేయకండి, మీకు వ్యతిరేకంగా ఉన్నవి కూడా. మొదలు, చివర కోసేసి మధ్యలో ఒక్క ముక్క స్క్రీన్‌షాట్ పెట్టకండి, అవతలి ఫోన్లో మొత్తం ఉంటుంది. ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి భారతీయ సాక్ష్య అధినియమం సెక్షన్ 63 కింద సర్టిఫికెట్ కావాలి, పాత సాక్ష్య చట్టంలో అది 65బి. ఫ్యామిలీ కోర్టులో సెక్షన్ 14 ఉంది కదా అని వదిలేయకుండా సర్టిఫికెట్ జతచేయడమే మంచిది. భార్యాభర్తల మధ్య రహస్యంగా రికార్డు చేసిన ఫోన్ సంభాషణను వైవాహిక వివాదంలో సాక్ష్యంగా తీసుకోవచ్చని 2025 జూలైలో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. తీసుకోవచ్చు అన్నంత మాత్రాన ప్రతి కాల్ రికార్డు చేయమని కాదు. రికార్డు చేస్తున్నామని తెలిసిన మనిషి మాట్లాడే తీరు మారిపోతుంది, అవతలివాళ్లను కావాలని రెచ్చగొట్టిన రికార్డింగులు నేను చాలా విన్నాను. వినేవాళ్లకు అది వెంటనే తెలిసిపోతుంది.

పాపను మాత్రం రికార్డు చేయకండి. మీ మూడో ప్రశ్నకు ఇదే జవాబు, దీని గురించి కొంచెం ఎక్కువే చెప్పాలి.

గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం సెక్షన్ 17 ప్రకారం, తెలివిగా ఇష్టం చెప్పగల వయసుంటే పిల్లల ఇష్టాన్ని కోర్టు లెక్కలోకి తీసుకోవచ్చు. మామూలుగా జడ్జి గారు చాంబర్‌లోకి పిలిచి, తల్లిదండ్రుల్ని బయట ఉంచి, స్కూలు గురించో స్నేహితుల గురించో మాట్లాడుతూ మెల్లగా తెలుసుకుంటారు. ఒకసారి తొమ్మిదేళ్ల బాబు లోపలికి వెళ్లగానే "మా నాన్నకి నా వెల్ఫేర్ పట్టదు" అన్నాడు. "వెల్ఫేర్ అంటే ఏంటి నాన్నా?" అని జడ్జి గారు అడిగారు. వాడు తలుపు వైపు చూశాడు. ఆ మాట వాడి నోట్లో ఎవరు పెట్టారో అందరికీ అర్థమైంది. దానికంటే నన్ను బాధపెట్టింది వేరు. జవాబు తప్పు చెప్పానేమో అన్న భయంతో బయటికొచ్చి, వాడు తల్లి మొహం చూడటానికి కూడా జంకాడు. పిల్లల చేత అబద్ధం చెప్పిస్తే జరిగేది ఇది. అబద్ధం దొరికినా దొరక్కపోయినా ఆ భారం మోసేది పిల్లలే.

మీ పాప "మంచోడివి కాదట" అంది. ఆ "ట" ఒక్కటీ చాలు, అది తన మాట కాదని మీకు తెలిసిపోయింది. ఎవరన్నారు అని అడగకండి. అడిగితే అమ్మ మీద చాడీ చెప్పమన్నట్టే. "నీకు అలా అనిపించిందా తల్లీ? నేనంటే నీకు కోపం వస్తే నాకే చెప్పొచ్చు. ఇవాళ స్కూల్లో ఏం చేశావు?" అని సాగిపోండి. ఆ రోజు తేదీ, ఆ మాట మీ డైరీలో రాసుకోండి, చాలు.

ఇక్కడే ఇంకో హెచ్చరిక. పిల్ల మనసు విరిచేస్తున్నారన్న ఆరోపణకు ఈమధ్య "పేరెంటల్ ఎలియనేషన్" అని పేరు వచ్చింది. సుప్రీంకోర్టు 2017లో ఒక తీర్పులో దీని గురించి మాట్లాడింది, అప్పటినుంచి ప్రతి పిటిషన్లోనూ ఈ మాట కనిపిస్తోంది. కానీ 2024 మేలో అదే కోర్టు జాగ్రత్త చెప్పింది: ఎప్పుడు, ఏ పని వల్ల మనసు విరిచారో విడివిడిగా గుర్తించకుండా తల్లి మీద గానీ తండ్రి మీద గానీ ఆ ముద్ర వేయకూడదని. కాబట్టి మీరు ఆ పదం రాయాల్సిన పని లేదు. "ఫలానా తేదీన వీడియో కాల్ ఇస్తామని ఇవ్వలేదు, పుట్టినరోజున బహుమతి గేటు దగ్గర్నుంచే వెనక్కి పంపారు" అని జరిగినవి రాయండి. పేరు పెట్టాలో వద్దో కోర్టు చూసుకుంటుంది.

మీ కేసులో లేకపోయినా, ఇది చదివే ఇంకెవరికైనా అవసరం కావచ్చు కనుక ఒక కష్టమైన విషయం చెబుతాను. కస్టడీ గొడవల్లో కొన్నిసార్లు బిడ్డ మీద లైంగిక దాడి జరిగిందన్న ఆరోపణ వస్తుంది. నిజమైతే దానికంటే ఘోరం లేదు, అబద్ధమైతే ఆ మనిషి బతుకు తలకిందులవుతుంది. రెండూ నేను చూశాను. 2012 నాటి పోక్సో చట్టం సెక్షన్ 19 ప్రకారం అలాంటి నేరం జరిగిందని తెలిసినా, జరగబోతోందన్న భయం ఉన్నా చెప్పి తీరాలి, మంచి ఉద్దేశంతో చెప్పినవాళ్లకు రక్షణ ఉంది. సెక్షన్ 22 కింద శిక్ష ఉన్నది కేవలం అవమానించడానికో, బెదిరించడానికో, డబ్బు గుంజడానికో, పరువు తీయడానికో తప్పుడు ఫిర్యాదు చేసినవాళ్లకు. ఆరు నెలల వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. తప్పుడు సమాచారం ఇచ్చింది పిల్లలైతే వాళ్లకు శిక్ష లేదు. అందుకని నిజంగా భయపడుతున్న తల్లి గానీ తండ్రి గానీ "కస్టడీ కోసం అంటారేమో" అని నోరు మూసుకోకూడదు. పిల్లను పదేపదే ప్రశ్నించకుండా, ఏం చెప్పిందో ఆ మాటల్లోనే రాసుకుని, వెంటనే చైల్డ్ హెల్ప్‌లైన్ 1098కో పోలీసులకో చెప్పాలి. ఆరోపణ తన మీద వచ్చినవాళ్లు పిల్లతో ఆ విషయం మాట్లాడే ప్రయత్నం చేయకూడదు. క్రిమినల్ లాయరును పెట్టుకుని విచారణకు సహకరించాలి. బిడ్డను ఒంటరిగా కలవాలని పట్టుబట్టకుండా, ఎవరైనా పక్కన ఉండగా కలుస్తానని వాళ్లే అడగాలి.

దీన్నుంచే మీ రెండో ప్రశ్నకు వస్తున్నాను. నిరూపణ కాకపోవడం, అబద్ధం కావడం ఒకటి కావు. నాలుగు గోడల మధ్య జరిగినదానికి సాక్షి ఉండడు. ఆమె చెప్పింది కోర్టు నమ్మకపోతే ఆమె అబద్ధం చెప్పిందని తేలినట్టు కాదు. తప్పుడు సాక్ష్యానికి శిక్ష చట్టంలో ఉంది. భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 229 కింద, కోర్టు విచారణలో కావాలని తప్పుడు సాక్ష్యం ఇస్తే ఏడేళ్ల వరకు జైలు. 2024 జూలై 1కి ముందు ఇదే ఐపీసీ 193. దాని కోసం మీరు భారతీయ నాగరిక సురక్ష సంహిత సెక్షన్ 379, అంటే పాత సీఆర్‌పీసీ 340 కింద పిటిషన్ వేయవచ్చు. కానీ ఫిర్యాదు చేయాల్సింది కోర్టు, మీరు కాదు. న్యాయం దృష్ట్యా అది అవసరమని కోర్టుకు అనిపించాలి. తెలిసి, కావాలని చెప్పిన అబద్ధమని, అదీ కేసుకు ముఖ్యమైన విషయంలోనని కాగితాల మీదే కనబడాలి. "పైసా ఇవ్వలేదు" అని ప్రమాణం చేశాక ఆమె అకౌంట్లోకే మీరు నెలనెలా వేసినట్టు కనిపిస్తే, అది ఒక ఆధారం. "రోజూ తాగుతాడు" అన్నదానికి అలాంటి ఆధారం దొరకదు.

దొరికినా ఇప్పుడే వేయకండి. చాలా కోర్టులు అసలు కేసు తేలాకే ఇలాంటివి చూస్తామంటాయి, ఈలోగా మీ ఓపీ వాయిదాలు ఆ గొడవలోనే పోతాయి. ఇంకో సంగతి కూడా ఆలోచించండి. పాపను ఇవ్వమని ఒక చేత్తో అడుగుతూ, పాప తల్లిని జైల్లో పెట్టమని ఇంకో చేత్తో అడిగే మనిషి గురించి కోర్టు ఏమనుకుంటుంది? అబద్ధాన్ని క్రాస్‌లో బయటపెట్టండి. రాతపూర్వక వాదనల్లో తేదీతో సహా చూపించండి. తీర్పులో "ఈ విషయంలో ప్రతివాది మాట నమ్మదగ్గది కాదు" అన్న ఒక్క వాక్యం వస్తే, కస్టడీ వరకు మీకు కావలసినంత వచ్చినట్టే.

మీరు అడగనిదే అన్నిటికంటే ముఖ్యం. విజిటేషన్ కోసం, అంటే పాపను కలుసుకోవడానికి, ఐఏ (మధ్యంతర పిటిషన్) వేశారా? మీరు రాసినదాంట్లో ఎక్కడా లేదు. ఓపీ తేలడానికి ఎంత కాలం పడుతుందో ఎవరూ చెప్పలేరు. ఆ కాలమంతా పాప మిమ్మల్ని చూడకపోతే, ఆమె కౌంటర్లో రాసిన "భయపడుతుంది" అన్న మాట అబద్ధంగా మొదలై నిజమైపోయే ప్రమాదం ఉంది. చూడని మనిషంటే ఏ పిల్లకైనా బెరుకే. కాబట్టి వచ్చే వాయిదాకే మధ్యంతర పిటిషన్ వేయండి. కస్టడీ గొడవల్లో నలిగిపోయేది బిడ్డే అని, ఒకరి దగ్గర ఉన్నప్పుడు రెండోవాళ్లతో వీడియో కాల్ ద్వారానైనా మాట్లాడే ఏర్పాటు ఉండాలని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది. వారానికి రెండు కాల్స్, రెండు వారాలకోసారి కోర్టు ఆవరణలో గానీ కోర్టు చెప్పిన చోట గానీ రెండు గంటలు, ఇంత చిన్నగా అడగండి. "ఎవరైనా పక్కన ఉన్నా నాకు అభ్యంతరం లేదు" అని మీరే రాయండి. ఆమె భయం నిజమైతే దానికి జవాబు దొరుకుతుంది. నటనైతే నాలుగైదు సార్లు కలిసేసరికి కోర్టు కౌన్సెలర్ రిపోర్టులోనే పాప మీ దగ్గరికి ఎలా పరుగెత్తుకొచ్చిందో ఉంటుంది. ఆ రిపోర్టు ముందు పది పేజీల రిజాయిండర్ ఎందుకూ పనికిరాదు.

కలవడానికి వెళ్లినప్పుడు పది నిమిషాలు ముందే వెళ్లండి. పాప రాకపోతే గొడవ పెట్టకుండా, వచ్చి ఎదురుచూశానని అక్కడి స్టాఫ్ దగ్గర రాయించి రండి. ఖరీదైన బొమ్మలు మోసుకెళ్లకండి, పాపతో పాత ఆటలు ఆడండి. తిరిగి అప్పగించేటప్పుడు ఆమెతో ఒక్క ముక్క అయినా మర్యాదగా మాట్లాడండి, పాప చూస్తుంటుంది. శని, ఆదివారాల తాగుడు ఈ కేసు అయ్యేదాకా మానేయండి. "మానేశాను" అని బోనులో చెబితే అది నిజమై ఉండాలి.

మొదటి ఆర్డరులో కస్టడీ రాలేదని కుంగిపోవద్దు. అయిదేళ్ల లోపు పిల్లలు మామూలుగా తల్లి దగ్గర ఉండాలన్నది 1956 చట్టం సెక్షన్ 6లో మాట, మీ పాప ఆ వయసు దాటింది. అయినా ఎనిమిది నెలలుగా అలవాటైన ఇంటిని కోర్టు ఒక్కసారిగా మార్చదు, మార్చకపోవడం పాపకు మంచిదే. కస్టడీ ఆర్డర్లు శాశ్వతం కావు. పరిస్థితి మారితే మళ్లీ అడగవచ్చు.

లాయరు గారితో ఎలా చెప్పాలో కూడా అడుగుతారు. గొడవ పెట్టుకోనక్కర్లేదు. "సార్, పేరా 7, 8 నాకు స్వయంగా తెలిసిన విషయాలు కావు, తీసేయండి. పేరా 4లో ఒకసారి కొట్టిన సంగతి నా మాటల్లో రాయండి. దీంతో పాటు విజిటేషన్ ఐఏ ఒకటి వేద్దాం" అనండి. మంచి లాయరైతే ఊపిరి పీల్చుకుంటారు, ఎందుకంటే ఆ పేరాల్ని క్రాస్‌లో కాపాడాల్సిన పని తప్పుతుంది. తీయనంటే ఇంకో లాయరును చూసుకునే హక్కు మీకుంది. కొత్త డ్రాఫ్ట్ వచ్చాక తొందరగా సంతకం చేయకండి, ఒక రాత్రి ఇంట్లో పెట్టుకుని చదవండి. పెద్దయ్యాక మీ పాప పక్కన కూర్చుని చదివినా మీరు తల దించుకోనక్కర్లేని వాక్యాలే అందులో ఉంచండి, మిగతావి కొట్టేసి మర్నాడు తీసుకెళ్లండి.